కుడి మణికట్టు దావా

మార్చి 3, మంగళవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. ఈ ఒక్క వాక్యానికే చెమట పట్టింది. కుడి చెయ్యి విరిగింది. మిగతాది ఇంకో రోజు.

మార్చి 5, గురువారం

జరిగింది ఇది. శనివారం మధ్యాహ్నం కోటు లైనింగు గుడ్డ కోసం పెద్ద బట్టల దుకాణానికి వెళ్ళాను. రెండో అంతస్తులో నేల అప్పుడే తుడిచారు. తడిగా ఉందని చెప్పే బోర్డు లేదు, అడ్డంగా తాడూ లేదు. కాలు జారింది. పడేటప్పుడు కుడి చెయ్యి ఊతం పెట్టాను. మణికట్టు దగ్గర రెండు ఎముకలు విరిగాయని డాక్టరు ఎక్స్‌రే చూపించారు. లోపల ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. చూస్తే మన కుట్టుమిషను పాదం దగ్గర బిగించే స్క్రూల్లాగే ఉన్నాయి.

బస్‌స్టాపు పక్కన పదడుగుల గదిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆల్టరేషన్లు చేస్తున్నాను. ప్యాంటు పొడవు తగ్గించడం, కోటు చేతులు సరిచేయడం, జిప్పులు మార్చడం. ఇప్పుడా గది తలుపు మీద మా ఆయన కాగితం అంటించి వచ్చారు: "కొన్నాళ్ళు మూసి ఉండును." ఆయన ప్రెస్సులో ప్రూఫులు చూస్తారు. "ఉండును" అన్న మాట బాగుందో లేదో అని గంటసేపు ఆలోచించారట.

నేను ముందు చూసుకుంటూనే నడిచాను. ఆ సంగతి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 8, ఆదివారం

దుకాణం తరఫున బీమా కంపెనీ మనిషి వచ్చాడు. పళ్ళ బుట్ట తెచ్చాడు. మాట్లాడినంత సేపూ నవ్వుతూనే ఉన్నాడు. చెయ్యి విరిగిందంటే నవ్వు, ఆపరేషనయిందంటే నవ్వు. పేరు చెప్పాడు గానీ ఆ నవ్వుల్లో వినపడలేదు. నవ్వులాయన అనే పిలుచుకుంటాను.

ఆస్పత్రి ఖర్చుకు కాస్త అటూ ఇటూగా ఒక చెక్కు, మూడు పేజీల కాగితం ముందు పెట్టాడు.

"సంతకం కూడా అక్కర్లేదమ్మా, మీ పరిస్థితి తెలుసు కదా. ఎడమ బొటనవేలు ఒక్కసారి అద్దితే చాలు," అన్నాడు.

నేను వేలు చాపేశాను కూడా. చెక్కు చూస్తే ఎవరికైనా వేలు దానంతటదే చాచుకుంటుంది. మా ఆయన కాగితం అందుకుని జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. మొదటి పేజీలో రెండు అచ్చుతప్పులు దిద్దారు. రెండో పేజీలో ఒక కామా తీసేశారు. మూడో పేజీలో ఆగారు.

"ఈ విషయమై ఇకపై ఎవరిపైనా ఎట్టి దావా వేయబోనని... ఇందులో తప్పేం లేదు," అన్నారు. "అచ్చుతప్పు లేదంటున్నా. కానీ ఇది రాయాల్సిన అవసరమేంటండీ?"

నవ్వులాయన నవ్వాడు. నేను వేలు వెనక్కి తీసుకున్నాను. పళ్ళ బుట్ట మాత్రం తిరిగి ఇవ్వలేదు. తినేశాం.

మార్చి 11, బుధవారం

జిరాక్సు దుకాణం పైన లాయరమ్మ ఆఫీసు. మా అమ్మాయంటే నమ్మేంత వయసు. నా చేతి కట్టు చూడకుండా నా మొహం చూసి మాట్లాడింది, అందుకే నచ్చింది.

నాకు అర్థమైనంత వరకు రాసుకుంటున్నాను. పడ్డంత మాత్రాన డబ్బు ఇవ్వరు. జనం వచ్చే చోటు జాగ్రత్తగా ఉంచాల్సిన బాధ్యత దుకాణానిది, వాళ్ళు ఉంచలేదు, అందువల్లే నేను పడ్డాను, పడినందువల్ల ఇదీ నష్టం అని గొలుసులా చూపించాలి. ఒక్క లంకె ఊడినా గొలుసు ఊడినట్టే. దావా వేయడానికి గడువు ఉంటుంది, ఊరికే కూర్చుంటే గడిచిపోతుంది. దుకాణంలో కెమెరా బొమ్మలు కొన్నాళ్ళకే చెరిపేస్తారు కాబట్టి అవి దాచి పెట్టమని ఈరోజే నోటీసు పంపుతానంది. మందుల చీటీ నుంచి ఆటో ఖర్చు దాకా అన్నీ దాచుకోమంది.

ఆస్పత్రి కాగితాలు ఇచ్చాం. తిరగేస్తూ ఆగింది.

"ఇక్కడ ఎర్ర సిరాతో దిద్దిందెవరు?"

"మణికట్టుకు బదులు మణికట్టి అని పడిందండీ," అన్నారు మా ఆయన, మెప్పు కోసం చూస్తున్నట్టు.

"బాబాయ్ గారూ, దీని మీద చెయ్యి వేస్తే మనమే రిపోర్టు మార్చామంటారు. ఆస్పత్రికి వెళ్ళి కొత్త కాపీ తెచ్చుకోండి. తప్పుతో సహా."

తప్పుతో సహా అన్నప్పుడు మా ఆయన మొహం చూడాలి.

వచ్చేటప్పుడు లాయరమ్మ అడిగింది. "ఆంటీ, నాకు చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా? వాళ్ళ నోటి నుంచి వినడం కంటే మీ నోటి నుంచి వినడం నాకు మంచిది."

ఏమీ లేదన్నాను. చూసుకుంటూనే నడిచానన్నాను.

మార్చి 14, శనివారం

వదిన దిగింది. మా ఆయన అక్కగారు. సంచిలో నాలుగు చీరలు, ఒక మెడపట్టీ. పదేళ్ళ కిందట బస్సు సడన్‌గా ఆగి ఆవిడ మెడ పట్టేసినప్పుడు కొన్నది.

"విరిగింది చెయ్యి వదినా," అన్నాను.

"చెయ్యి విరిగితే మెడ నొప్పెట్టదా? అన్నీ ఒకే ఒంట్లో ఉన్నాయి కదే. పెట్టుకో. ఆఫీసర్ల ముందు తల తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. అదీ చూపించాలి."

సాయంత్రం మూలగడం నేర్పింది. లోపలికి గాలి పీలుస్తూ మూలగాలట, బయటికి వదులుతూ మూలిగితే నిట్టూర్పులా ఉంటుందట. అరగంట సాధన చేశాం. పక్కింటావిడ తలుపు కొట్టి అంతా క్షేమమేనా అని అడిగింది. అంతా క్షేమమే అన్నాం.

మార్చి 19, గురువారం

చూసుకుంటూనే నడిచాను.

ఏప్రిల్ 2, గురువారం

ఆ దుకాణంలో నేల తుడిచే ఆవిడ ఇంటికి వచ్చింది. ఆరోజు నన్ను లేవదీసి కూర్చోబెట్టి, విరిగిన చేతిని తన ఒళ్ళో పెట్టుకున్నది ఆవిడే. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"మీరు కేసు వేస్తే నా పని పోద్దా అమ్మా?"

 ఇన్నాళ్ళూ దుకాణం అంటే నాకు అద్దాల మేడే కనిపించింది, దాని నేల తుడిచే చెయ్యి గుర్తు రాలేదు. లాయరమ్మకు ఫోన్ చేసి ఆవిడ ముందే మాట్లాడాను. దావా ఆవిడ మీద కాదని, పనివాళ్ళు చేసిన పనికి యజమానే జవాబు చెప్పాలని, ఆవిడ నుంచి పైసా అడగరని లాయరమ్మ చెప్పింది. అప్పుడు లోపలికి వచ్చి కూర్చుంది.

"బోర్డులు ఉన్నాయమ్మా. పసుప్పచ్చవి, ఆరు. స్టోర్‌రూమ్‌లో పెట్టి తాళం వేశాడు మేనేజరు. అవి పెడితే అంతస్తు అందం పోతోందంట. మూడుసార్లు అడిగా."

"ఆ మాట కోర్టులో చెప్తావా?"

గోరు గిల్లుకుంది. "నేను ఎవరి ముందయినా అడిగింది అడిగా అనే చెప్తా," అంది.

వదిన ఆవిడకు కూడా మూలగడం నేర్పబోయింది. ఆపాను.

ఏప్రిల్ 16, గురువారం

కట్టు విప్పారు. లోపలి చెయ్యి నాది కాదు. ఎవరిదో ముసలావిడది తెచ్చి అతికించినట్టు సన్నగా, ముడతలు పడి ఉంది. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక మెత్తటి బంతి ఇచ్చి రోజూ ముప్ఫైసార్లు నొక్కమంది.

ఏప్రిల్ 17, శుక్రవారం

ముప్ఫైసార్లు నొక్కాను.

ఏప్రిల్ 18, శనివారం

ముప్ఫై. (పదకొండు.)

ఏప్రిల్ 27, సోమవారం

బాగానే ఉంది. నిన్న టీ కప్పు జారింది, అది కప్పు తప్పు. పిడి చిన్నది.

మే 6, బుధవారం

ఈరోజు మంచి రోజు.

గది దుమ్ము దులుపుదామని వెళ్ళాను. మా ఆయన కూడా వచ్చి మూల కూర్చుని ప్రూఫులు చూసుకుంటున్నారు. ఒకతను ప్యాంటు పట్టుకుని వచ్చాడు. మూసేశామన్నాను. రేపే ఇంటర్వ్యూ అన్నాడు, ఊళ్ళో అందరూ మీ పేరే చెప్పారన్నాడు, ఒకటిన్నర అంగుళం తగ్గిస్తే జీవితాంతం గుర్తుపెట్టుకుంటానన్నాడు. ముదురు నీలం రంగు, మంచి గుడ్డ. చొక్కా జేబులోంచి ఫోను సగం బయటికి తొంగిచూస్తోంది, పడిపోతుంది బాబూ అని హెచ్చరించాను కూడా.

కాదనలేకపోయాను. మూడుసార్లు కొలిచి సుద్దతో గీశాను. కత్తెర ఎడమ చేత్తో పట్టాను, కుడి చెయ్యి గుడ్డను ఒత్తి పట్టింది. మిషను ఎక్కితే కాళ్ళు అన్నీ మర్చిపోకుండా గుర్తుపెట్టుకున్నాయి. ఇస్త్రీ చేసి మడిచి ఇచ్చాను. కాస్త ఆలస్యమయింది, నలభై నిమిషాలు. మామూలుగా పది. అతను డబ్బు ఇచ్చి రసీదు కూడా అడిగి తీసుకున్నాడు.

కుట్టు గీత గీసినట్టు వచ్చింది. చెయ్యి ఎక్కడికీ పోలేదు. ఇంటికి వస్తూ మా ఆయనకు అదే చెప్పాను. ఆయన ఊఁ అన్నారు.

మే 18, సోమవారం

లాయరమ్మ పిలిపించి తన కంప్యూటర్లో ఒక వీడియో చూపించింది. రెండు నిమిషాలది. నేను ప్యాంటు కుడుతున్నాను. ఇంటర్వ్యూ లేదు, ఏమీ లేదు. ఆ ప్యాంటు మనిషి బీమా కంపెనీ పంపిన వాడు. నా చెయ్యి బాగానే ఉందని, నేను నాటకం ఆడుతున్నానని వాళ్ళ వాదన.

జేబులో ఫోను పడిపోతుందని హెచ్చరించిన మాట కూడా అందులో వినిపించింది.

"పూర్తి వీడియో ఇమ్మంటా. ఆ ప్యాంటు కూడా తెమ్మంటా," అంది లాయరమ్మ.

"ప్యాంటు వద్దమ్మా."

"ఎందుకు వద్దు?"

"బాగా కుట్టేశాను."

లాయరమ్మ పెన్ను కింద పెట్టింది. "బాగా కుట్టి ఉంటే అదీ నిజమే ఆంటీ. మనం దాచం. నిజంగా బాగా కుట్టారా?"

"ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి కుడుతున్నా," అన్నాను. అడిగింది అది కాదని నాకూ తెలుసు.

ఇంటికి వస్తే వదిన నెత్తి బాదుకుంది. "వాడి మొహం చూస్తే తెలియలేదా? చెడగొట్టి పంపాల్సింది." రాత్రి అన్నం తినేదాకా అదే పాట. చివరికి విసుగొచ్చి, "చెడగొట్టే పంపాను. నాకు ముందే అనుమానం వచ్చింది. ఒక కాలు పొట్టిగా కుట్టా," అనేశాను.

వదిన లేచి వచ్చి నా బుగ్గ గిల్లింది. మా ఆయన పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నారు.

అబద్ధం. ఆ ప్యాంటు తెచ్చి పరిస్తే నా దావా దాని ఇస్త్రీ మడతలోనే ఆగిపోతుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో నా పనితనం చూసి నేను భయపడటం ఇదే మొదటిసారి.

జూన్ 9, మంగళవారం

ఒక భయం తీరాలంటే ఇంకో భయం ఒప్పుకోవాలి అనిపించింది. ఈరోజు లాయరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను.

ఆరోజు నేను ముందు చూసుకుంటూ నడవలేదు. పక్కకు చూస్తున్నాను. దుకాణం మధ్యలో ఒక బొమ్మకు కోటు తొడిగారు. దాని కాలరు ఒక పక్క లేచి, చంకల దగ్గర గుడ్డ పోగుపడి, ఎవరు కుట్టారో గానీ బొమ్మకు ప్రాణం ఉంటే విప్పేసేది. దాన్ని చూసి నవ్వుకుంటూ నడుస్తున్నాను. నవ్వు సగంలో ఉండగా నేల మీద ఉన్నాను.

లాయరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "కెమెరాలో అది ఉంది ఆంటీ. వాళ్ళు ఇచ్చిన దాంట్లో మీరు బొమ్మ వైపు తిరిగి ఉన్నారు. నవ్వుతున్నట్టు కూడా కనిపిస్తోంది. మీరెప్పుడు చెప్తారా అని చూస్తున్నా."

"అయితే దావా పోయినట్టేనా?"

"పోదు. మీ అజాగ్రత్త వంతు ఎంతో అంత తగ్గిస్తారు. బట్టల దుకాణంలో బట్టలు చూస్తూ నడిచారు. అది చూడమనే కదా బొమ్మను పెట్టింది. కానీ ముందు మనమే చెప్తాం. మనం చెప్తే అది నిజాయితీ, వాళ్ళు చెప్తే అది దొంగతనం బయటపడటం."

మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. ప్యాంటు గుర్తొచ్చి మళ్ళీ బరువెక్కింది.

జూన్ 26, శుక్రవారం

చేతిని పరీక్షించి ఎంత శాతం పని చేయదో సర్టిఫికెట్ ఇచ్చారు. అంకె రాయను. డాక్టర్లకు కుట్టుపని గురించి ఏం తెలుసు.

జూలై 20, సోమవారం

కోర్టుకు వెళ్ళకముందే రాజీ కుదురుతుందేమో చూడటానికి కూర్చోబెట్టారు. పొడుగాటి బల్ల. ఒక పక్క నవ్వులాయన, వాళ్ళ లాయరు, ప్యాంటు మనిషి. ఇవతల నేను, మా ఆయన, లాయరమ్మ. మధ్యలో రిటైరైన జడ్జిగారు, కళ్ళజోడు ముక్కు మీదికి జారిన పెద్దావిడ. వదినను బయట కూర్చోబెట్టాం. మెడపట్టీ ఆవిడే పెట్టుకుని కూర్చుంది, వృథా కాకూడదని.

నేల తుడిచే ఆవిడ వచ్చి, అన్నట్టే, అడిగింది అడిగా అని చెప్పి వెళ్ళింది. మాట మార్చలేదు. బొమ్మ సంగతి నేనే చెప్పాను. పెద్దావిడ పెదవి బిగపట్టుకుంది.

తర్వాత వీడియో వేశారు, రెండు నిమిషాలు. నవ్వులాయన నవ్వాడు. లాయరమ్మ పూర్తిది వేయమంది. నలభై నిమిషాలు ఎవరికీ ఓపిక ఉండదని వాళ్ళ లాయరు అన్నాడు. "ఆవిడకు ఉంది కదా," అంది లాయరమ్మ.

చూశాం. నేను సూది కింద పడేసుకోవడం, వంగి వెతకడం, మళ్ళీ పడేసుకోవడం. గుడ్డ చేతికింద నుంచి జరిగిపోవడం, నేను దాన్ని మందలించడం. ఇవేవీ నాకు గుర్తులేవు. గుర్తున్నది ఇస్త్రీ ఒక్కటే.

"ఇక ప్యాంటు చూద్దాం," అంది లాయరమ్మ.

ప్యాంటు మనిషి కవరులోంచి తీసి బల్ల మీద పరిచాడు. పెద్దావిడ టేపు తెప్పించి నా వైపు జరిపారు. "మీ వృత్తి కదమ్మా, మీరే కొలిచి చెప్పండి."

కొలిచాను. మళ్ళీ కొలిచాను. టేపు తిరగేసి కొలిచాను. ఎడమ కాలు కుడి కాలు కంటే అంగుళం పావు పొట్టి. కుట్టు అంచు చుట్టూ చీమల బారులా వంకర్లు తిరుగుతూ వెళ్ళింది. నా నోటితోనే చెప్పాను. "అంగుళం పావు తేడా అండీ. కుట్టు నేరుగా లేదు."

"మీరు డబ్బిచ్చి రసీదు తీసుకున్నారు కదా," అన్నారు పెద్దావిడ ప్యాంటు మనిషితో. "మరి తొడుక్కున్నారా?"

"ఒకసారి తొడుక్కున్నానండీ," అన్నాడు పాపం. "మా ఆవిడ నవ్వింది."

గదిలో అందరూ నవ్వారు. నవ్వులాయన ఒక్కడే నవ్వలేదు.

మధ్యాహ్నానికి తేలిపోయింది. బొమ్మను చూసి నవ్వినందుకు నా వంతు కోత పెట్టారు. అయినా ఆ మూడు పేజీల కాగితం నాటి చెక్కు దీని ముందు చిల్లర. ఇకపై ఎట్టి దావా వేయబోనని ఈసారి సంతకం పెట్టాను, ఎడమ చేత్తో, నిండుగా. మా ఆయన ముందు మొత్తం చదివారు. తప్పుల్లేవు.

జూలై 21, మంగళవారం

వదిన వీధంతా తిరిగింది. నా మరదలు బీమా వాళ్ళ మనిషిని కనిపెట్టి, కావాలని ఒక కాలు పొట్టిగా కుట్టి బోల్తా కొట్టించిందని. కూరల బండి దగ్గర నలుగురు ఆపి మెచ్చుకున్నారు. అలా చేసి ఉంటే మోసమయ్యేదని చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు. అంత తెలివైనదాన్ని కానని చెప్పడానికి నాకూ నోరు రాలేదు.

కావాలని కుట్టలేదు. నా చేతనైనంత బాగా కుట్టాను.

మా ఆయనను అడిగాను. ఆరోజు మీరు అక్కడే కూర్చున్నారు కదా, చూశారా అని.

"చూశా."

"అప్పుడే?"

"నువ్వు ఇస్త్రీ చేస్తుంటేనే కనపడింది."

"మరి చెప్పొచ్చు కదా."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, శుభ్రంగా ఉన్నదాన్నే. "నువ్వు పాట పాడుతున్నావు," అన్నారు.

పాడానా? అది కూడా గుర్తులేదు.

జూలై 22, బుధవారం

సర్టిఫికెట్టులో అంకె నలభై. రాశాను.

సెప్టెంబరు 7, సోమవారం

గది తెరిచాను. మిషను మీద నేల తుడిచే ఆవిడ కూర్చుంది. దుకాణం పని తనే మానేసింది. నా దావా తర్వాత అంతస్తుకు పది చొప్పున పసుప్పచ్చ బోర్డులు పెట్టారట, వాటిని రోజూ తుడవడం కూడా ఆవిడ పనే అయిందట. చిన్నప్పుడు మిషను నేర్చుకుందట. వేగం లేదు, కానీ కుట్టు నేరుగా వెళ్తుంది. కొలతలు నావి, సుద్ద గీత నాది, కుట్టు ఆవిడది. గీత ఎడమ చేత్తో గీస్తున్నాను. వంకర వస్తే దులిపేసి మళ్ళీ గీస్తున్నాను. ఆవిడ ఏమీ అనదు, గీత సరిగ్గా వచ్చేదాకా కాళ్ళు మిషను పెడల్ మీద పెట్టుకుని ఎదురుచూస్తుంది.

తొలి బేరం ఒక బ్యాంకు అమ్మాయిది, కోటు చేతులు పొట్టి చేయాలి. ఎప్పటికి ఇస్తారని అడిగింది. నేను బుర్రలో లెక్క వేసుకున్నాను. ఆవిడకు కోటు చెయ్యి విప్పడం నేర్పాలి, లైనింగు మళ్ళీ అతకాలి. శనివారం కంటే ముందు అవ్వదు.

"గురువారం వచ్చెయ్యమ్మా," అన్నాను.